ఓడకు గది కావలెను

ప్రతి ఇంట్లోనూ భోజనాల బల్ల మీద సగం కట్టిన ఓడ ఒకటి ఉండి తీరాలి. ఇందుకోసం చట్టం చేసినా తప్పు లేదు.

ఓడంటే నీళ్ల మీద తిరిగేదని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. నీళ్ల మీద తిరిగే ఓడ వల్ల మహా అయితే సరుకులొస్తాయి, కాకపోతే వాంతులొస్తాయి. సంసారాలను ఉద్ధరించేది మాత్రం సన్నని చెక్కపలకలతో, దారంతో, జిగురుతో ఇంట్లో కూర్చుని కట్టే బొమ్మ ఓడే. అది బల్లను ఆక్రమిస్తుంది. కూరలో రంపపు పొట్టు కలుపుతుంది. ఫ్యాను వేయనివ్వదు. పిల్లల్ని పరిగెత్తనివ్వదు. ఎన్నాళ్లకీ పూర్తి కాదు. ఇన్ని సుగుణాలున్న వస్తువు బజారులో ఇంకోటి ఉందా? ఉంటే చెప్పండి, నా అభిప్రాయం మార్చుకుంటాను.

నమ్మకం కుదరడం లేదా? అయితే సిస్టరమ్మకు ఏం జరిగిందో వినండి.

సిస్టరమ్మ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. సర్జను చెయ్యి చాపితే, ఏం కావాలో అడగకుండానే అరచేతిలో పెట్టేది. కత్తెరో, దారమో, ఫోర్‌సెప్సో. అలాగని అణిగిమణిగి ఉండే రకమనుకునేరు! చేతులు సరిగ్గా కడుక్కోకుండా ఎవరైనా లోపలికి అడుగు పెడితే, ఎంత పెద్ద డాక్టరైనా సరే, ఆవిడ కళ్లు చూసి వచ్చిన దారినే వెనక్కి నడిచేవాడు. మాస్కు వెనకనుంచి ఉత్త కళ్లతో తిట్టడం అందరికీ అబ్బే విద్య కాదు.

ఆ విద్య ఇంట్లో మాత్రం పనిచేసేది కాదు. కన్నపిల్లల దగ్గర ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి.

భర్త చాలా ముందే పోయాడు. కూతుర్నీ కొడుకునీ ఆసుపత్రి క్వార్టర్స్‌లోనే పెంచి, చదివించి, పెళ్లిళ్లు చేసింది. రిటైరయ్యాక ఆసుపత్రివాళ్లు ఒక గోడగడియారం చేతిలో పెట్టి, క్వార్టర్స్ తాళాలు తీసుకున్నారు. గడియారం తగిలించుకోవడానికి గోడ లేకుండా పోయింది.

అయితేనేం, ప్రేమ ఉంది! అమ్మ నా దగ్గరుండాలంటే నా దగ్గరుండాలని అక్కా తమ్ముడూ పోటీ పడ్డారు. ఆఖరికి వంతులు కుదిరాయి. కొన్నాళ్లు కూతురింట్లో, కొన్నాళ్లు ఊరికి ఆ కొసన కొడుకింట్లో. ఎవరి ప్రేమ ఎప్పుడు పొంగుతుందో ఆవిడకు త్వరలోనే తెలిసొచ్చింది. కొడుక్కీ కోడలికీ ఒకేసారి ఆఫీసులో ఆడిట్లు పడితే కొడుకు గొంతు గద్గదమయ్యేది. "నువ్వు లేక ఇల్లు బోసిపోయిందే అమ్మా" అని కూతురు ఫోన్ చేసిందంటే, పనిమనిషి మానేసిందనీ, సింకులో గిన్నెలు కుళాయిని అందుకుంటున్నాయనీ అర్థం. ఇంత కచ్చితంగా వేళకు వచ్చే ప్రేమను చూస్తే రైల్వేవాళ్లు సిగ్గుపడాలి.

కూతురింట్లో ఆవిడ పడక మనవరాలి గదిలో, బొమ్మల అల్మరా పక్కన. కొడుకింట్లో హాల్లో దివాను మీద. టీవీ కట్టేశాక అది పడక, అంతకుముందు అది అందరి సీటు.

కొడుకింట్లో గది లేక కాదు. ఉంది. దాన్ని ఆఫీసు గది అంటారు. ఎప్పుడైనా ఇంటినుంచి పనిచేయాల్సొస్తుందని అందులో ఒక కుర్చీ, ఒళ్లు తగ్గించుకుందామని కొని బట్టలు ఆరేసుకుంటున్న ఒక వ్యాయామ యంత్రం, ఎవరైనా వస్తే ఉంటుందని ఒక ఖాళీ మంచం. 'ఎవరైనా' అంటే సిస్టరమ్మ కాదు. ఆవిడ ఎవరో కాదు కదా, సొంత మనిషి!

ఆవిడ పల్లెత్తు మాట అన్నది లేదు. నాకో గది కావాలంటే, ఎందుకమ్మా అని అడుగుతారు. అడిగితే ఏం చెప్పాలి? చూపించడానికి ఏదో ఒక కారణం ఉండాలి కదా. ఊరికే కావాలనడం ఆవిడకు చేతకాలేదు.

కారణం ఒక అట్టపెట్టెలో వచ్చింది.

కొడుకు ఆఫీసులో ఆ ఏడాది జీతాలు పెంచకుండా బహుమతులిచ్చారు. ఉత్తమ ఉద్యోగి ఒత్తిడి తగ్గించుకోవడానికంటూ మనవాడికి బొమ్మ ఓడ కిట్టు ఒకటిచ్చారు. మూడు తెరచాప కొయ్యల ఓడ. ఇంటికి తెచ్చి మూత తీశాడు. లోపల అగ్గిపుల్లల్లాంటి పుల్లలు, బియ్యపుగింజంతేసి కప్పీలు, వెంట్రుకలాంటి దారాలు. అన్నిటికీ మించి ఏ భాషలో చదివినా అర్థం కాకుండా ఎన్నో భాషల్లో అచ్చేసిన పుస్తకం. చూస్తూండగానే అతని ఒత్తిడి పెరిగింది. మూత పెట్టి బీరువా పైకి నెట్టేశాడు.

కొన్నాళ్లకు వాషింగ్ మెషీన్ పాడైంది. మెకానిక్ పొద్దుటికీ సాయంత్రానికీ మధ్యలో ఎప్పుడైనా వస్తానన్నాడు. ఇలా ఎప్పుడైనా వస్తామనేవాళ్ల కోసం ఇంట్లో కూర్చోవడం సిస్టరమ్మకు అప్పజెప్పిన పనుల్లో ముఖ్యమైనది. కూర్చుని కూర్చుని విసుగొచ్చి, బీరువా మీద దుమ్ము దులుపుదామని లేచి, ఆ పెట్టె దించింది.

పుస్తకంలో మొదటి బొమ్మ చూసేసరికి ఆవిడకు నవ్వొచ్చింది. ఓడకు వెన్నెముక. దానికి ఇటూ అటూ పక్కటెముకలు. బాగా తెలిసిన ఒళ్లే! ఎముకలు నిలబెట్టాలి, పైన చర్మం కప్పాలి, నరాలు లాగి కట్టాలి, ఇంతే కదా అనుకుంది. తన సూట్‌కేసు అడుగునుంచి పాత ఫోర్‌సెప్సు తీసింది. రిటైరైన దగ్గర్నుంచి ఆ వేళ్లు గిన్నెలు తోమాయి, జడలు వేశాయి, రిమోట్ ఎక్కడుందో వెతికిపెట్టాయి. ఇప్పుడవి సన్నని పలకను పట్టుకుని, వణక్కుండా, దాని చోట దాన్ని ఉంచాయి. ఆవిడ కాసేపు పలకను కాక తన చేతినే చూసుకుంది.

మెకానిక్ ఆ రోజు రాలేదు. ఆవిడ గమనించనే లేదు.

మొదట్లో ఇల్లంతా సంబరమే. పెద్దవాళ్లకు కాలక్షేపం ఉండాలన్నాడు కొడుకు. ఫొటో తీసి, 'మా అమ్మ!' అని రాసి అందరికీ పంపాడు. అభినందనలు వెల్లువెత్తితే అన్నిటికీ తనే కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

పలకలు కప్పే దశ రావడంతో ఓడ తన ప్రతాపం చూపడం మొదలుపెట్టింది. పలకను వేడినీళ్లలో నానబెట్టి, వంచి, ఎండేదాకా బిగించి పట్టాలి. అందుకని బట్టల క్లిప్పులన్నీ ఓడకెళ్లాయి, కొడుకు చొక్కాలు గాలికి పక్కింటికెళ్లాయి. దానివల్ల ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోని పక్కింటివాళ్లతో పరిచయమైంది. లాభమా కాదా? కోడలి జుట్టు క్లిప్పులు కూడా ఓడకే వెళ్లాయి. బల్ల మొత్తం ఓడ కింద పడింది కాబట్టి అందరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తినసాగారు. భోజనాల బల్ల దగ్గర వచ్చే పోట్లాటలు ఆగిపోయాయి, బల్లే లేదు కనక! జిగురు ఆరేవరకూ ఫ్యాను వేయకూడదు. బట్టలు ఆరేసుకునే వ్యాయామ యంత్రం చేయలేని పని ఆ ఉక్కపోత చేసింది. టీవీ మోతకు చెయ్యి అదురుతోందని సిస్టరమ్మ మెల్లగా అంటే దాన్నీ కట్టేశారు. గత్యంతరం లేక మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సొచ్చింది. పరవాలేదు, మంచివాళ్లేనని ఇద్దరికీ అనిపించింది.

ఇంత చల్లగా సాగుతున్న సంసారంలోకి కూతురి ఫోన్ వచ్చింది.

ఇల్లు బోసిపోయింది. వంతు కూడా ఆమెదే. కొడుకు పైకి అనలేదు కానీ, బల్ల తిరిగొస్తుందని లోలోపల కుదుటపడ్డాడు. సిస్టరమ్మ అలవాటు ప్రకారం సరేనంది. అని, ఓడ కూడా వస్తుందని చెప్పింది. దానికేం భాగ్యం, తెచ్చుకోమంది కూతురు. అల్లుడు కారేసుకుని వచ్చాడు.

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అన్నారు పెద్దలు. ఓడ బండిలో పడుతుందా లేదా అన్నది మాత్రం ఏ పెద్దా చెప్పి చావలేదు. అప్పటికి మూడు కొయ్యలూ నిలబడ్డాయి, ముందువైపు ముక్కుకర్ర ఈటెలా పొడుచుకొచ్చింది, తాళ్లు సగం కట్టి ఉన్నాయి. అల్లుడు వెనక తలుపు తీసి కొలిచాడు. డిక్కీ ఎత్తి కొలిచాడు. సీట్లు మడిచి కొలిచాడు. ముక్కు పడితే కొయ్య పట్టదు, కొయ్య పడితే ముక్కు పట్టదు. చివరికి చెమట తుడుచుకుంటూ, పెద్ద కొయ్య పైముక్క కోసేసి ఇంటికెళ్లాక అతికించుకోవచ్చు కదా అత్తయ్యా అన్నాడు. మంచి మనిషే. తెలియక అన్నాడు.

సిస్టరమ్మ అతని వంక చూసింది. ముఖానికి మాస్కు లేకపోయినా అచ్చం ఆ చూపే. అల్లుడు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బాబూ, పొట్ట తెరిచిన పేషెంటు బల్ల మీద ఉండగా షిఫ్టు అయిపోయిందని ఇంటికెళ్లిపోతామా? కుట్లు పడేదాకా నేను ఇక్కణ్నుంచి కదల్ను."

ఆ మాట బయటికొచ్చాక అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆవిడే. కదలనని ఆవిడ అనడం అదే మొదలు. అంటే ఆకాశం ఊడిపడుతుందని ఇన్నాళ్లూ అనుకుంది. ఆకాశం ఉన్నచోటే ఉంది. అల్లుడు ఖాళీ కారుతో వెనక్కి వెళ్లాడు.

గమనించండి! మనిషికి విశ్రాంతి కావాలంటే ఒప్పుకోని లోకం, ఓడకు కుట్లు పడాలంటే ఒప్పుకుంది. ఇలాంటి మేలు చేసే వస్తువును ఉత్త కాలక్షేపమనడం పాపం కాదూ?

అక్కా తమ్ముడూ ఫోన్లో దీర్ఘంగా ఆలోచించుకున్నారు. ఓడ పూర్తయితే కానీ అమ్మ కదలదు. అమ్మ కదిలితే కానీ ఒకరికి బల్ల రాదు, ఒకరికి గిన్నెలు తరగవు. కాబట్టి తామే కూర్చుని ఓడ పూర్తి చేయించాలి. ఆదివారాలు కూతురు రాసాగింది. కొడుకు ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికి రావడం నేర్చుకున్నాడు.

నావికులు పైకెక్కడానికి కొయ్యలకు అటూ ఇటూ తాళ్ల నిచ్చెనలుంటాయి. ఒక్కో మెట్టుకూ ఎన్నో ముడులు. ఆ పని కూతురికీ కొడుక్కీ అప్పగించింది. చేతులు కడుక్కుని రమ్మంది. కడుక్కొచ్చారు. సబ్బుతో అని చెప్పింది. మళ్లీ కడుక్కొచ్చారు. ఓడ మీంచి చూపు తిప్పకుండా ఆవిడ చెయ్యి చాపితే కొడుకు కత్తెర పెట్టాడు. ఆవిడ చెయ్యి అలాగే ఉంచింది. జిగురు పెట్టాడు. అలాగే ఉంచింది. కోడలు పక్కనుంచి వచ్చి ఫోర్‌సెప్సు పెడితే వేళ్లు ముడుచుకున్నాయి. ఆ రోజునుంచి కోడలికి ప్రమోషన్, కొడుక్కి రంపపు పొట్టు ఊడ్చే పని.

కూతురు చకచకా ముడులు వేసుకుపోతోంది. సిస్టరమ్మ భూతద్దంలోంచి చూసి, వరస మొత్తం కత్తిరించేసింది.

"ఈ ముడితో కుట్లు వేస్తే, పేషెంటు ఇంటికెళ్లేలోపు పేగులు చేతికొస్తాయే. మళ్లీ వెయ్యి."

కూతురికి ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నువ్వు ఆసుపత్రిలో ఇలాగే ఉండేదానివా అని అడిగింది. ఆ తల్లి పనిచేసే చోటును ఆ పిల్లలు ఎన్నడూ చూడలేదు. తలుపు మీద ఎర్రదీపం వెలిగితే లోపలికి ఎవరూ రాకూడదు కదా. ముడులు వేస్తూ ఆవిడ చెప్పసాగింది. కత్తి పట్టగానే కూనిరాగాలు తీసే సర్జను గురించి, మత్తు దిగుతూ నర్సుకు పెళ్లి ప్రస్తావన తెచ్చిన ముసలాయన గురించి, కుట్లకు ముందు దూది ఉండల లెక్క తప్పితే తను ఎవరినీ బయటికి కదలనివ్వని ఒకనాటి సంగతి గురించి. అమ్మ ఇన్ని మాటలు మాట్లాడుతుందని ఇద్దరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? ఇంతకుముందు ఆవిడతో కూర్చున్నవాళ్లెవరు?

వంతుల లెక్కలు తేల్చుకోవడానికి తప్ప ఒక దగ్గర కూర్చోని అక్కా తమ్ముడూ ఒకే ఓడకు చెరోపక్కా కూర్చుని, నీ నిచ్చెన వంకరంటే నీదే వంకరని చిన్నప్పటిలా దెబ్బలాడుకున్నారు. ఆ సంగతి వాళ్లకు తెలిస్తే మానేసేవాళ్లేమో కానీ, ఓడ ధ్యాసలో తెలియలేదు.

చివరి తాడు బిగిసింది. తెరచాపలెత్తిన ఓడ బల్ల మీద నిలబడితే, చొక్కాలు తిరిగివ్వడానికి వచ్చిన పక్కింటాయన కూడా చెప్పులు విడిచి లోపలికొచ్చి చూసి వెళ్లాడు.

ఇక అసలు సమస్య. దీన్నెక్కడ పెట్టాలి?

అల్లుడితో సహా అందరూ చుట్టూ నిలబడి చర్చించారు. హాల్లో కుదరదన్నాడు కొడుకు. వచ్చేపోయేవాళ్లు తగులుతారు, టీవీ మోత, మనశ్శాంతి ఉండదు. పిల్లల గదిలో అసలే వద్దంది కూతురు. బొమ్మలు మీద పడతాయి. ఇవాళ ఇక్కడా రేపు అక్కడా తిప్పడం కూడా మంచిది కాదట, కీళ్లు వదులైపోతాయట. దీనికి విడిగా ఒక గదుండాలి, తలుపు వేసుకునే వీలుండాలి అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. కాస్త గాలి ఆడాలండీ, చెక్క కదా, ప్రాణమున్న వస్తువు అన్నాడు అల్లుడు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అంత పెద్ద మనసుతో అందరూ తలలూపారు.

సిస్టరమ్మ ఒక్కో మాటా విన్నది.

కొడుకు ఉత్సాహంగా ఆఫీసు గది తలుపు తీశాడు. కుర్చీ తీసేద్దాం, యంత్రం అమ్మేద్దాం, మంచం ఎవరికైనా ఇచ్చేద్దాం, ఒక్క పూటలో ఖాళీ చేసేద్దాం అన్నాడు. ఒక్క పూట! అంత తేలికని ఎవరనుకున్నారు?

"వద్దు నాన్నా. ఎవరైనా వస్తే మంచం ఉండాలి కదా," అంది సిస్టరమ్మ.

అని, తన దగ్గరున్న మాట బయటపెట్టింది. ఒకప్పుడు తనతో పనిచేసిన మత్తు డాక్టరమ్మ ఇంటి మేడ మీద గదొకటి ఖాళీగా ఉందట. ఈ వీధికి రెండు వీధుల అవతలే. ఎండ నేరుగా పడని కిటికీ, గడియ పడే తలుపు. మాట్లాడి వచ్చిందట. అద్దె తన పెన్షన్‌లోంచి ఇస్తానందట. ఓడకు బాగుంటుంది.

ఓడకు చాలా బాగుంటుందన్నారు అందరూ. అంత మంచి గది అమ్మ ఎలా పట్టిందని మెచ్చుకున్నారు. కోడలు ఒక్కతే అడిగింది: "మరి మీరు, అత్తయ్యా?"

"దాన్ని ఒంటరిగా వదిలేస్తామా అమ్మా? దుమ్ము తుడవాలి, తాళ్లు చూసుకోవాలి. నేనూ అక్కడే ఉంటాను."

నిజమే, ఒంటరిగా ఎలా ఉంటుంది అన్నాడు కొడుకు. ఓడ గురించే అన్నాడు. కోడలు మాత్రం ఇంకేమీ అడగకుండా లోపలికెళ్లి, అత్తగారికి రెండు కొత్త దుప్పట్లు తెచ్చిచ్చింది.

తరలించే రోజున ఆసుపత్రి పాత వార్డుబాయ్‌లిద్దరు స్ట్రెచర్ పట్టుకుని వచ్చారు. ఓడను దాని మీద ఎక్కించి, పైన ఆకుపచ్చ గుడ్డ కప్పి, మెట్లు దించి, నడుచుకుంటూ మోసుకుపోయారు. వెనకే అక్కా తమ్ముడూ అల్లుడూ కోడలూ తలలు వంచుకుని, అడుగులు చూసుకుంటూ నడిచారు. వీధిలో స్కూటర్లు ఆగాయి. గుమ్మాల్లోకొచ్చినవాళ్లు గొంతు తగ్గించి, ఎవరికండీ, ఎలా జరిగిందండీ అని అడిగారు. ఓడండి అని కోడలు చెబితే, వాళ్లు ఇంకా జాలిగా చూశారు.

దారిలో అల్లుడికి ఒక అనుమానమొచ్చింది. ఇలా మోయొచ్చని అప్పుడే చెబితే అయిపోయేది కదా అత్తయ్యా అన్నాడు. సిస్టరమ్మ అటు తిరక్కుండానే, మీరు కారు తెచ్చారు బాబూ, స్ట్రెచర్ తేలేదు కదా అంది.

ఇప్పుడు లాభాలు చూడండి. కొడుక్కి బల్ల తిరిగొచ్చింది. కూతురు కొత్త పనిమనిషిని పెట్టుకుంది. ఏళ్లుగా దొరకని మనిషి వారం తిరక్కుండా దొరికింది. పిల్లల ప్రేమ కూడా ఏ మాత్రం తగ్గలేదు. ఓడ మీద! రోజూ ఫోన్ చేస్తారు. దుమ్ము పడటం లేదు కదా అని కూతురు, గాలి ఆడుతోందా అని అల్లుడు, పైన వాటర్ ట్యాంకు కారడం లేదు కదా అని కొడుకు. ఇంత శ్రద్ధగా కనిపెట్టి చూసుకునే కుటుంబం ఎంతమంది ఓడలకు దొరుకుతుంది చెప్పండి?

కాబట్టి పాఠకులారా, ఇంట్లో పెద్దావిడకు గదివ్వండని చెప్పే సాహసం నేను చేయను. ఎవరి ఇబ్బందులు వాళ్లవి, ఎవరి వ్యాయామ యంత్రాలు వాళ్లవి. ఒక ఓడ కొనిపెట్టండి చాలు. దానికేం కావాలో మీకు ఇట్టే తెలుస్తుంది.

మొన్న సాయంత్రం కొడుకు ఆఫీసునుంచే ఫోన్ చేశాడట. సిస్టరమ్మ ఎత్తేసరికి కాస్త ఆలస్యమైంది.

"అమ్మా, ఓడ ఎలా ఉంది?"

"బాగుందిరా. తలుపేసుకుని, కాళ్లు చాపుకుని, హాయిగా నడుం వాల్చింది. నీ ఫోన్‌తోనే లేచింది."

అవతల కీబోర్డు టకటకలు ఆగిపోయాయట.

"ఓడేనా అమ్మా?"

"ఓడే నాన్నా," అందట సిస్టరమ్మ. "ఇంకెవరున్నారిక్కడ?"